సంఘం వాచ్‌మన్ చేతిలో తుపాకి: బాధ్యత ఎవరిది?

వేల్పూర్ చుట్టుపక్కల సంఘాల రికార్డులు చూడబోయినప్పుడు పాలకవర్గ సభ్యులు కొందరు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. రాత్రిపూట పాల శీతల యంత్రం దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు, ఊళ్ళో ఒకాయనకు లైసెన్సు తుపాకి ఉన్నది, దానిని తెచ్చి వాచ్‌మన్‌కు ఇస్తే తప్పేమిటి అని.

తప్పే. 1959 నాటి ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం తుపాకి పట్టినవానికే లైసెన్సు ఉండవలెను. లైసెన్సుదారు ఎదుట గాని, అతడు వ్రాసియిచ్చిన కాగితంతో గాని వేరొకరు తీసుకొనిపోవచ్చుననే వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే అది మరమ్మతుకు, రెన్యూవలుకు, లేదా లైసెన్సుదారు స్వయంగా వాడుకొనుటకు మాత్రమే. కాపలాకు అరువిచ్చుట అందులోకి రాదు. పైగా 33వ సెక్షన్ ప్రకారం సంస్థ చేసిన నేరానికి దాని వ్యవహారం చూచేవారు కూడా బాధ్యులు. తమకు తెలియదని, తగిన జాగ్రత్త అంతా తీసుకొన్నామని రుజువు చేసుకొనవలసినది వారే. తుపాకి తామే ఇప్పించిన అధ్యక్షుడు, కార్యదర్శి ఆ మాట ఎట్లా అనగలరు?

వాచ్‌మన్‌కే స్వంత లైసెన్సు ఉంటే? అది ఏ పనికి ఇచ్చినారో, షరతులేమిటో చూడవలెను. షరతు మీరితే 30వ సెక్షన్ కింద శిక్ష ఉన్నది. నష్టపరిహారం సంగతి వేరు. నౌకరు తన పనిలో భాగంగా చేసిన హానికి యజమాని జవాబుదారీ అన్నది కోర్టులు పాటించే పాత సూత్రం. చీకటితోనే పాలు తెచ్చిన సభ్యుణ్ణి దొంగ అనుకొని కాల్చితే, మేము కాల్చమనలేదంటే చెల్లదు. కాపలా పెట్టినది సంఘమే.

ఈ బాధ్యతకు హద్దు లేకపోలేదు. పరిచయం కొద్దీ ఉద్యోగి చేతిలో పెట్టిన పైకానికి స్టేట్ బ్యాంకు బాధ్యత లేదని 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అతడు దానిని బ్యాంకు పనిగా పుచ్చుకొనలేదు. తుపాకి విషయంలో ఈ గీత గీయుట అంత సులభం కాదు. 2021 జూలైలో హైదరాబాదు గన్‌ఫౌండ్రీ స్టేట్ బ్యాంకు శాఖలో కాపలాదారు ఒక కాంట్రాక్టు ఉద్యోగిని కాల్చి గాయపరచినాడు. ఇటువంటి చోట తగాదా సొంతదైనా, చేతికి తుపాకి వచ్చినది ఉద్యోగం వల్లనే గదా! వకీళ్ళకు వాదించ చాలా ఉంటుంది, ఖర్చు మటుకు సంఘానిది.

పాల బిల్లులు బ్యాంకు ఖాతాలకు పోయే సంఘాలలో రాత్రిపూట నగదే ఉండదు. గట్టి తలుపు, బయట దీపం, ఇద్దరు మనుషులు, బీమా చాలునని మా అభిప్రాయం. సాయుధ కాపలా తప్పనిసరైతే 2005 చట్టం కింద లైసెన్సు పొందిన సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారానే పెట్టుకొని, ఆ మనిషి తుపాకి లైసెన్సు నకలును ఫైలులో ఉంచవలెను. ఇప్పటికే ఎవరైనా తుపాకితో పనికి వస్తూ ఉంటే, దానిని ఆపుతూ వచ్చే సమావేశంలోనే తీర్మానం వ్రాసి, మినిట్స్ బుక్కులో అతని సంతకం తీసుకొనండి.