చదవడం వచ్చు.. ‘ఎవరు?’ అంటేనే చిక్కు

హోసూరు: మూడో తరగతి పిల్లాడు తెలుగు వాచకం గడగడా చదివేస్తాడు. ఒక్క ఒత్తు తప్పడు. పక్కన కూర్చున్న నాన్న మురిసిపోతాడు. ‘ఇంతకీ ఎవరు వెళ్లిపోయారురా?’ అని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. సరిహద్దు తెలుగిళ్లలో ఇది కొత్తేమీ కాదు. ‘బడి భాష వేరు కదా, అందుకే’ అని పెద్దలు సరిపెట్టుకుంటారు. కానీ కారణం ప్రతిసారీ అదే కానక్కర్లేదు.

బ్రిటన్‌లోనూ ఇదే తంతు

ఇంగ్లిషు చదివే 7-8 ఏళ్ల పిల్లలపై బ్రిటన్ పరిశోధకులు జేన్ ఓక్‌హిల్, నికోలా యూయిల్ 1980ల్లో అధ్యయనాలు చేశారు. పదాలు చదవడంలో అందరూ సమానమే. అయినా చదివింది అంతగా అర్థంకాని పిల్లలు ‘అతడు’, ‘ఆమె’ లాంటి మాటలు ఎవరి గురించో చెప్పడంలో వెనకబడ్డారు. అంటే చదవడం వేరు, వాక్యానికి వాక్యం ముడివేసుకోవడం వేరు.

తెలుగులో మరో మెలిక

‘లక్ష్మి గేదెకు కుడితి పెట్టింది. మూతి కూడా పెట్టకుండా వెళ్లిపోయింది.’ వెళ్లింది గేదె. రెండో వాక్యంలో పేరు లేదు, కనీసం ‘అది’ అనైనా లేదు. క్రియను బట్టి పోల్చుకుందామన్నా కుదరదు. ఆడమనిషికైనా, గేదెకైనా ‘వెళ్లిపోయింది’ ఒక్కటే. అదే తమిళంలో ఆమె అయితే ‘పోనాళ్’, గేదె అయితే ‘పోచ్చు’. కన్నడంలో ‘హోదళు’, ‘హోయితు’. అక్కడ క్రియే దారి చూపుతుంది. తెలుగులో కుడితికి మూతి పెట్టేది ఎవరో పిల్లలే ఆలోచించి తేల్చుకోవాలి.

ఇంట్లోనే సరిచేయొచ్చు

* రోజూ పది వాక్యాలు చదివించాలి. మధ్యలో ఆపి ‘ఎవరు? ఎవరిని? ఏది?’ అని అడగాలి.
* ‘అతడు’, ‘ఆమె’, ‘అది’ కనిపిస్తే అక్కడి నుంచి అసలు పేరు దాకా పెన్సిలుతో గీత గీయించాలి.
* పేరు లేనిచోట పేరు చేర్చి మళ్లీ చదవమనాలి.
* తప్పు చెబితే కసరొద్దు. ‘నీకెలా తెలిసింది?’ అని అడిగితే పొరపాటు ఎక్కడుందో బయటపడుతుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం. పై తరగతులకు వెళ్లేకొద్దీ పాఠాలు పెద్దవవుతాయి. ‘ఎవరు’ అన్నది అందకపోతే సైన్సు, సోషలు కూడా బట్టీ పట్టాల్సిందే. గడగడా చదువుతున్నాడని నిశ్చింతగా ఉండకుండా ఈరోజే ఒక్క ప్రశ్న అడిగి చూస్తే మేలు.