ఒంటేలు ఆగకపోతే వయసును నిందించకండి

లాల్‌గడి మలక్‌పేట్ నుంచి సికింద్రాబాద్ జేబీఎస్‌కు బస్సులో పోవాలంటే, రాజీవ్ రహదారి మీద ట్రాఫిక్ ఉన్న రోజు గంట దాటుతుంది. ఆ ప్రయాణం ఉందంటే డెబ్బై దాటిన కొందరు పెద్దమనుషులు పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టరు. పెళ్లికి పోతే తలుపు పక్క కుర్చీ వెతుక్కుంటారు. తెల్ల పంచె మాని ముదురు రంగు లుంగీకి మారతారు. కారణం మాత్రం ఇంట్లో చెప్పరు. టీకాలు, మందుల మీద పనిచేసే జీనోమ్ వ్యాలీ పక్కనే ఉన్నా, మూత్రం ఆపుకోలేని బాధకు ఊళ్లో దొరికే జవాబు ఒక్కటే: ‘వయసైపోయింది గదా!’ ఆ జవాబుతో మొదలుపెట్టి ఒక్కో అపోహా చూద్దాం.

అపోహ: ముసలితనంలో ఇది మామూలే.

వాస్తవం: వయసుతో మూత్రాశయం పట్టు కొంత తగ్గుతుంది. రాత్రి ఒకసారి లేవడం మామూలే. బట్టలు తడవడం మాత్రం జబ్బు లక్షణం. ప్రోస్టేట్ గ్రంథి పెరగడం, షుగర్, పక్షవాతం, పార్కిన్సన్స్, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటివి వెనక ఉండొచ్చు. ఉన్నట్టుండి మొదలైతే ముందు మూడింటిని అనుమానించాలి: ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా వేసుకుంటున్న గోలీ. చాలాసార్లు వీటిని సరిచేస్తేనే బాధ తగ్గిపోతుంది.

అపోహ: చుక్కలు చుక్కలుగా కారుతోందంటే లోపల ఖాళీ అవుతున్నట్టే.

వాస్తవం: షామీర్‌పేట చెరువు అలుగు పారిందంటే చెరువు నిండినట్టు గదా! ఇదీ అంతే. పెరిగిన ప్రోస్టేట్ దారిని నొక్కేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. నిండి నిండి, పట్టనిది కొంచెం కొంచెంగా కారుతుంది. పట్టించుకోకపోతే ఆ ఒత్తిడి కిడ్నీల దాకా పోతుంది. మూత్రం పోసిన వెంటనే స్కానింగ్ చేస్తే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది.

ఇంకొందరిలో దీనికి పూర్తిగా తలకిందులు. మూత్రాశయం కొంచెం నిండగానే బిగుసుకుంటుంది, బాత్‌రూమ్ చేరేలోపే అయిపోతుంది. దాన్ని సడలించే గోలీ వీళ్లకు మేలు చేస్తుంది. అదే గోలీ, లోపల మూత్రం నిలిచిపోతున్న మనిషి వేసుకుంటే మూత్రం పూర్తిగా బందయ్యే ప్రమాదం ఉంది. తడిసే లుంగీ ఒకటే, కారణాలు వేరు. పక్కింటాయనకు పనిచేసింది గదా అని ఆయన చీటీతో మందు కొనొద్దు.

అపోహ: ప్రోస్టేట్ పెరిగిందంటే క్యాన్సరే.

వాస్తవం: కణజాలాన్ని పరీక్షిస్తే 51–60 ఏళ్ల మగవాళ్లలో దాదాపు సగం మందిలో, 80 దాటినవాళ్లలో 90 శాతం దాకా ఈ మామూలు పెరుగుదల కనిపిస్తుంది. అందరికీ ఇబ్బంది రాదు. ఇది క్యాన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. కాబట్టి వేలితో చేసే పరీక్ష, పీఎస్‌ఏ రక్తపరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగాలి.

అపోహ: నీళ్లు తగ్గిస్తే బాధ తగ్గుతుంది.

వాస్తవం: నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. మలబద్ధకం పెరుగుతుంది. తాగే నీళ్లను పగటికి మార్చుకోవాలి. పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలత దాటొద్దు. సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లలో, పడుకోగానే ఆ నీరు రక్తంలోకి చేరి రాత్రంతా మూత్రమై దిగుతుంది. అలాంటివాళ్లు మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తి పెట్టుకుంటే మేలు. కొన్ని బీపీ గోలీలతోనూ ఈ వాపు వస్తుంది. అలాగని సొంతంగా మానేయొద్దు. ఏ గోలీ ఏ పూట వేసుకోవాలో డాక్టర్‌నే అడగాలి.

అపోహ: ఒంట్లో వేడి. సబ్జా నీళ్లో, ఈతకల్లో తాగితే సాఫీగా అవుతుంది.

వాస్తవం: మంట, చెడు వాసన, జ్వరం ఉంటే అది ఇన్ఫెక్షన్ కావొచ్చు, మూత్రపరీక్ష చేయించాలి. సబ్జా నీళ్లతో నష్టం లేదు, అవి తాగుతూ పరీక్ష వాయిదా వేస్తేనే నష్టం. కల్లు మూత్రాన్ని పెంచుతుంది, మత్తులో పట్టు తప్పిస్తుంది, రాత్రి లేచినప్పుడు కాలు జారేలా చేస్తుంది.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే జీవితాంతం కారుతూనే ఉంటుంది.

వాస్తవం: పెరిగిన ప్రోస్టేట్‌ను మూత్రనాళం గుండా గీకి తీసే టీయూఆర్‌పీ తర్వాత శాశ్వతంగా పట్టు పోవడం అరుదు. క్యాన్సర్ కోసం గ్రంథి మొత్తం తీసినప్పుడు మాత్రం మొదట్లో కారడం ఎక్కువే, చాలామందికి నెలల్లో తగ్గుతుంది. అందుకు కటి కండరాల వ్యాయామం సాయపడుతుంది. అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని ఆడవాళ్ల కోసం వివరించాడు, మగవాళ్లకూ పనికొస్తుంది. కడుపులో గాలిని ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్నే ఐదు సెకన్లు బిగించి, మళ్లీ అంతే సేపు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా. మూత్రం పోస్తూ చేయొద్దు. ఖర్చు సంగతికొస్తే, ప్రోస్టేట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద ఉంది. సికింద్రాబాద్ గాంధీలో, పంజాగుట్ట నిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి.

అపోహ: డైపర్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్రయాణానికి డైపర్ మంచిదే, అది వైద్యం కాదు. గంటల తరబడి మార్చకపోతే చర్మం పుండ్లు పడుతుంది. కొందరికి మూత్రాశయం బాగానే ఉంటుంది, మోకాళ్లే సహకరించవు. మంచం దిగి, తలుపు గడియ తీసి, వాకిలి దాటి, చీకట్లో బాత్‌రూమ్ చేరి, నాడా ముడి విప్పేసరికి ఆలస్యమైపోతుంది. మంచం పక్కన మూత్రం పట్టే ప్లాస్టిక్ డబ్బా, దారిలో చిన్న బల్బు, నాడాకు బదులు ఎలాస్టిక్ పెడితే సగం బాధ తీరుతుంది. మతిమరుపు ఉన్నవాళ్లను రెండు మూడు గంటలకోసారి ఇంట్లోవాళ్లే గుర్తుచేసి తీసుకెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి పోయే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎప్పుడు, ఎంత తాగారు, ఎప్పుడు, ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, ఎప్పుడు తడిసింది. వేసుకునే గోలీలన్నీ సంచిలో వెంట తీసుకెళ్లండి. బీపీ, షుగర్ చూడటానికి వచ్చే ఆశా కార్యకర్తకు చెప్పడానికి సిగ్గనిపిస్తే, కొడుకో మనవడో ముందుగా అడగాలి. మూత్రం పూర్తిగా బందై పొత్తికడుపు ఉబ్బినా, రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, కాళ్లు బలహీనపడి తొడల మధ్య తిమ్మిరెక్కినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ రోజే, రాత్రయితే ఆ రాత్రే, 108కి ఫోన్ చేయండి.