ఒంటికడ్డీ కెమెరా, ఒక మిల్లీమీటరు తేడా

ఒకే లోహపు కడ్డీ, దాని మీద జరిగే రెండు నిలువు చట్రాలు, ఆ చట్రాల మధ్య మడతలు మడతలుగా సాగే బెలోస్ అనే నల్లని తిత్తి, ముందు చట్రంలో లెన్సు, వెనుక చట్రంలో ఫిల్ము: మోనోరైల్ కెమెరా నిర్మాణమంతా ఇంతే. 4×5 లేదా 8×10 అంగుళాల విడి షీట్ల మీద బొమ్మ తీసే ఈ లార్జ్ ఫార్మాట్ యంత్రంలో ప్రతి చట్రాన్నీ విడివిడిగా పైకీ కిందికీ పక్కలకూ జరపవచ్చు, వంచవచ్చు, తిప్పవచ్చు. ఎత్తైన భవనపు నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరపడకుండా చూడడం, బల్ల మీద పరచిన వస్తువులన్నిటినీ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒకే స్పష్టతతో చూపడం ఈ కదలికల వల్లనే సాధ్యమవుతాయి. రెండవ పనికి ఆధారమైన నియమం ప్రకారం లెన్సు తలం, ఫిల్ము తలం, స్పష్టంగా కనబడవలసిన వస్తువుల తలం ఒకే రేఖ వద్ద కలుసుకోవాలి. దీనిని ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైమ్‌ప్‌ఫ్లుగ్ 1904 నాటి బ్రిటిష్ పేటెంటులో వివరించాడు. 1901లో ఫ్రాన్సుకు చెందిన జూల్ కార్పాంతియే పొందిన పేటెంటును తానే పేర్కొనడం ఆయన నిజాయితీకి గుర్తు.

అమెరికాలో గ్రాఫ్లెక్స్ కంపెనీ 1941లోనే గ్రాఫిక్ వ్యూ అనే ఒంటికడ్డీ కెమెరాను తెచ్చినప్పటికీ, ఈ యంత్రాన్ని సంపూర్ణమైన విడిభాగాల వ్యవస్థగా మలచిన ఘనత స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెన్‌కు చెందిన కార్ల్ కోఖ్‌కు దక్కుతుంది. ఫోటోగ్రాఫర్ల కుటుంబంలో పుట్టిన కోఖ్, 1947లో పేటెంటు తీసుకుని మరుసటి ఏడాది సినార్ పేరుతో అమ్మకానికి పెట్టిన కెమెరాలో, చట్రాలు, బెలోస్, లెన్సు బోర్డు, ఫిల్ము వెనుకభాగం దేనికది ఊడదీసి మార్చుకునేటట్లు, కడ్డీకి మరో కడ్డీని మరతో బిగించి పొడుగు పెంచుకునేటట్లు అమర్చాడు. వెనుక చట్రాన్నీ బెలోస్‌నూ మారిస్తే అదే కెమెరా 4×5 నుంచి 8×10కు ఎదుగుతుంది. నోర్మా అని పేరుపడిన ఆ తొలి నమూనా తరువాత 1970లో సినార్ పి వచ్చింది.

కోఖ్ ఆలోచనలోని ఈ గొప్పతనమే పాత కెమెరా కొనేవారి చిక్కులకు మూలం. ఊడదీయగల యంత్రం ముక్కలుగా చేతులు మారుతుంది. ముందు చట్రం ఒక కాలానిది, వెనుక చట్రం మరొక నమూనాది, బెలోస్ ఇంకో కంపెనీది, లెన్సు బోర్డు ఎవరో ఆకురాయితో అంచులు అరగదీసి ఇరికించినది కావచ్చు. సినార్ లెన్సు బోర్డు 140 మిల్లీమీటర్ల చదరం కాగా, హార్స్‌మన్ ఎల్ తరగతి కెమెరాలు అదే కొలతను పాటించాయి. టోయో బోర్డు 158, కాంబో బోర్డు 162 మిల్లీమీటర్లు. ఈ చివరి రెండింటి మధ్య ఉన్నది నాలుగు మిల్లీమీటర్లే గనుక కాంబో బోర్డును అరగదీసి టోయోలో పెట్టాలన్న ఆశ పుట్టడం సహజమే. కానీ వెలుతురు చొరకుండా అడ్డుకునే అంచు కూడా ఆ అరుగుదలలోనే పోతుంది. అతుక్కోవడం వేరు, కుదరడం వేరు.

కుదుర్చే పని చట్రాల సమాంతరతతో మొదలుకావాలి. సున్నా గీత దగ్గర టక్కున ఆగే గాడి మీదగానీ, చట్రానికి బిగించిన నీటిమట్టం బుడగ మీదగానీ భరోసా పెట్టుకోకుండా, బెలోస్ తీసివేసి రెండు చట్రాలనూ దగ్గరకు జరిపి, వాటి మధ్య దూరాన్ని నాలుగు మూలల్లోనూ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవడం నమ్మదగిన పద్ధతి. తేడా చిన్నదిగా కనబడినా దాని ఫలితం చిన్నది కాదు: 4×5 ఫిల్ములో బొమ్మ పడే పొడవు సుమారు 120 మిల్లీమీటర్లు గనుక, వెనుక చట్రం ఒక్క డిగ్రీ వంగితే ఫిల్ము ఒక అంచు రెండవ అంచు కంటే 2 మిల్లీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. గాడిని పట్టి ఉంచే మరను వదులుచేసి, నాలుగు కొలతలూ ఒకటయ్యాక బిగించి, ఆ స్థానంలోనే కొత్త సున్నా గీత గీసుకోవాలి.

లెన్సు బోర్డు వద్ద పొరపాటు మరింత గుట్టుగా ఉంటుంది. లార్జ్ ఫార్మాట్ లెన్సులో రెండు గాజు భాగాలు షట్టరుకు ముందూ వెనుకా మరతో బిగుస్తాయి. షట్టరు, బోర్డులోని రంధ్రం గుండా దూరి వెనుక నుంచి వలయంతో బిగుస్తుంది. కోపాల్ 0 షట్టరుకు 34.6, కోపాల్ 1కు 41.6, కోపాల్ 3కు 65 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. షట్టరు తిరిగిపోకుండా దాని వెనుక ఒక చిన్న మేకు ఉంటుంది. దానికి తగిన గంటు బోర్డులో లేకపోతే, రంధ్రం కొలత సరిగ్గానే ఉన్నా, మేకు బోర్డుకు తగిలి లెన్సు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ఆ మేకును తీసివేయడంతో దోషం తీరుతుంది. ఒక లెన్సు గాజు భాగాలను వేరొక లెన్సు తాలూకు షట్టరులో బిగించినప్పుడు ఎపర్చరు అంకెలు కూడా తప్పుతాయి: వెలుతురు చొచ్చే రంధ్రం వ్యాసంతో నాభ్యంతరాన్ని భాగిస్తే ఆ అంకె వస్తుంది గనుక, ఒకే తరహా నిర్మాణం గల లెన్సులైతే, 210 మిల్లీమీటర్ల లెన్సుకు చెక్కిన ఎఫ్/22 గుర్తు 150 మిల్లీమీటర్ల లెన్సుకు దాదాపు ఎఫ్/16 అవుతుంది, ఫిల్ముకు రెట్టింపు వెలుతురు తగులుతుంది. ముందు గాజు భాగం కింద పలుచని ఇత్తడి వలయాలు ఉంటే వాటిని పారవేయకూడదు. గాజుల మధ్య దూరాన్ని తయారీదారు నిర్ణయించి పెట్టింది వాటితోనే.

అన్నిటికంటే ఓర్పు కోరే భాగం గ్రౌండ్ గ్లాస్, అంటే ఒక ముఖం గరుకుగా నూరిన గాజు పలక. దీని మీద బొమ్మను చూసి ఫోకస్ చేశాక, దాని చోటులోకి ఫిల్ము హోల్డరు వస్తుంది; కాబట్టి గాజు గరుకు ముఖమూ ఫిల్ము ముఖమూ ఒకే తలంలో ఉండి తీరాలి. 4×5 హోల్డరులో ఫిల్ము ఆనే పలక లోతు 0.197 అంగుళం, సుమారు 5 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.007 అంగుళం తేడాతో ఉండాలని అమెరికన్ ప్రమాణం చెబుతుంది. ఫిల్ము మందాన్ని మినహాయిస్తే గాజు లోతు దాదాపు 4.8 మిల్లీమీటర్లు కావాలి. కాలిపర్స్ చివరి సన్నని కడ్డీతో హోల్డరులోని ఫిల్ము లోతును, గాజు లోతును పలుచోట్ల కొలిచి పోల్చడం ఉత్తమం.

గాజును ఎవరైనా తిప్పి బిగించి, గరుకు ముఖం లెన్సు వైపు కాక చూసేవారి వైపు ఉంటే, లోపం ఎంతో లెక్కకట్టవచ్చు. గాజు వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే శక్తికి కొలమానం, సుమారు 1.5 గనుక, గాజు గుండా పోయే కిరణాలు దాని మందంలో మూడోవంతు వెనక్కి జరిగి కలుసుకుంటాయి; గరుకు ముఖం మాత్రం మందమంతా వెనక్కి పోయింది; మిగిలిన మూడింట రెండు వంతులు ఫోకస్ లోపమవుతుంది. 2 మిల్లీమీటర్ల గాజుకు అది 1.3 మిల్లీమీటర్లు. బొమ్మ మూలలు కాంతివంతంగా కనబడేందుకు వాడే, సన్నని వలయపు గాడులున్న ఫ్రెనెల్ పలకను గాజుకు ముందు కొత్తగా చేర్చినా, ముందు ఉండవలసినదాన్ని తీసేసినా ఇదే లెక్క వర్తిస్తుంది. 0.1 మిల్లీమీటరు మసకను కంటికి ఆనని హద్దుగా తీసుకుంటే, ఎఫ్/5.6 వద్ద ఫిల్ము అటూ ఇటూ 0.56 మిల్లీమీటరు తప్పును మాత్రమే ఓర్చుకుంటుంది. ఎఫ్/22 వద్ద 2.2 మిల్లీమీటర్లు ఓర్చుకుంటుంది. ఎఫ్/22లో తీసిన చక్కని బొమ్మలు కెమెరా బాగుందనడానికి సాక్ష్యం కాకపోవడానికి కారణమిదే.

చీకటి గదిలో బెలోస్ లోపల దీపం వెలిగించి మడతల మూలల్లో చుక్కలు వెతకడం అయ్యాక, తుది పరీక్ష మిగులుతుంది. గీతలున్న స్కేలును ఏటవాలుగా నిలిపి, నడిమి గీత మీద ఫోకస్ చేసి, లెన్సును పూర్తిగా తెరిచి ఒక షీటు తీయాలి. ఫిల్ము మీద నిశితంగా పడిన గీత ఫోకస్ చేసినదాని కంటే కెమెరాకు దగ్గరదైతే గాజు లెన్సుకు ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు. గాజు ఆనే అంచు మీద షిమ్ములు అనే పలుచని రేకులు పేర్చి వెనక్కి జరపాలి. దూరపు గీత నిశితంగా ఉంటే షిమ్ములు తగ్గించాలి. 8×10 హోల్డరు లోతు 0.260 అంగుళం గనుక, 4×5 వెనుకభాగానికి జరిగిన ఈ సర్దుబాటు దానికి పనికిరాదు. ప్రతి వెనుకభాగాన్నీ విడిగా పరీక్షించవలసిందే.