ప్రత్తి, ప్రాంతము, ఒప్పందము

రాజకీయములకు ఒక అధ్యాయము, పరిశ్రమలకు వేరొక అధ్యాయము కేటాయించుట మన చరిత్ర పాఠ్యపుస్తకములకు అలవాటు. విద్యార్థి మొదటిదానిలో మంత్రుల పేర్లు, రెండవదానిలో మిల్లుల పేర్లు వల్లించి పరీక్ష గట్టెక్కును. కాని లోకములో ఆ రెండును ఒకే ఇంటి గదులు. నడుమ తలుపు ఎన్నడును మూయబడదు. ఈ సంగతి తెలిసికొనుటకు ఓరుగల్లు వారికి దూరప్రయాణము అక్కరలేదు.

1934లో, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసినది. చేలలో ప్రత్తి ఉన్నది, కాజీపేట కూడలి నుండి నలుదెసలకు రైలున్నది. ఇక కావలసినది యంత్రమే. ఆ యంత్రము వేలాది కుటుంబములకు కూడు పెట్టినది. కాని సంపద పెరుగు చోట ఒక ప్రశ్న కూడ మొలకెత్తును: ఈ కొలువులు ఎవరివి? ఇచ్చటి పన్ను ఎవరి మేలుకు?

ఈ ప్రశ్న హైదరాబాదు సంస్థానమునకు క్రొత్తది కాదు. పదునైదేండ్లు స్థిరనివాసము ఉన్నవారికే సర్కారు కొలువులలో అర్హత అని 1919 నాటి ముల్కీ ఫర్మానా శాసించినది. 1948లో సంస్థానము భారతదేశములో విలీనమైన పిదప బయటి ఉద్యోగులు పెద్ద సంఖ్యలో వచ్చినారు. 1952లో వరంగల్లు విద్యార్థులు దీనిపై కదలినారు. ఉపాధ్యాయులు గమనింపదగిన విశేషము ఒకటి గలదు: ఆ అలజడికి తక్షణకారణము బడి ఉద్యోగములే. పంతుళ్ల నియామకములలో స్థానికులకు అన్యాయము జరిగినదన్నది ఫిర్యాదు. అది హైదరాబాదు వరకు ప్రాకి, సెప్టెంబరు 3, 4 తేదీలలో అచ్చట పోలీసు కాల్పులకు దారితీసినది.

నాలుగేండ్లకు, 1956 ఫిబ్రవరి 20న, పెద్దమనుషుల ఒప్పందము కుదిరినది. తెలంగాణపు మిగులు ఆదాయమును తెలంగాణకే వెచ్చించుట, స్థానికులకు కొలువులు, ప్రాంతీయ మండలి ఏర్పాటు అందలి ముఖ్యాంశములు. ఆ నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. పండ్రెండేండ్ల పిదప లెక్క తీయగా లలిత్ సంఘము ఆ మిగులును 34.10 కోట్ల రూపాయలుగా, భార్గవ సంఘము 28.34 కోట్లుగా తేల్చినవి. సంఖ్యలలో తేడా ఉన్నది గాని, మిగులు ఖర్చు కాలేదన్న మాటలో తేడా లేదు. అప్పటికే 1969 ఉద్యమము వీధులకెక్కినది.

ఇట్టి తగవు మనకే ప్రత్యేకమా? కాదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా సంయుక్త రాష్ట్రములు దాదాపు ఇదే ముడి విప్పలేక తంటాలు పడినవి. అచ్చటను ముడి వేసినది ప్రత్తియే. 1793లో ఎలీ విట్నీ గింజ తీయు యంత్రమును కల్పించెను. దానితో దక్షిణ రాష్ట్రములలో ప్రత్తి సాగు విస్తరించినది, సాగుతోబాటు బానిసత్వము. 1790లో ఏడు లక్షలున్న బానిసలు 1860 నాటికి నలుబది లక్షలకు చేరువైనారు. ఉత్తరమున, మెర్రిమాక్ నదీజలముల బలముతో, లోవెల్ పట్టణపు మిల్లులు ఆ ప్రత్తినే వడికి నేసినవి. ఆ నేతలో ముతకరకము కొంత దక్షిణమునకు మరలి బానిసల ఒంటిమీద బట్టయైనది!

మిల్లుల వారు ఇంగ్లండు సరకుపై సుంకము పెంచుమన్నారు. ఇంగ్లండుకు ప్రత్తి అమ్మి, అచ్చటి సరకు కొను దక్షిణాదివారు అది తమ మెడకు ఉరి అన్నారు. 1828 సుంకపు చట్టముతో కలహము ముదిరినది. అప్పటి ఉపాధ్యక్షుడు జాన్ కాల్హూన్ పేరు చెప్పకుండ దక్షిణ కరొలైనా పక్షమున వాదపత్రము రచించెను. 1832 నవంబరులో ఆ రాష్ట్రము సుంకపు చట్టములు తన హద్దులలో చెల్లవని ప్రకటించినది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ బలప్రయోగమునకు సిద్ధపడెను. 1833లో హెన్రీ క్లే నడుపగా రాజీ కుదిరినది: సుంకము అంచెలంచెలుగా తగ్గును, రాష్ట్రము తన ప్రకటనను విరమించుకొనును.

రాజీ చక్కగనే ఉన్నది. కాని ఆ పంచాయితీకి పిలుపు లేనివారు ఎవరు? దక్షిణ కరొలైనా జనాభాలో సగమునకు మించినవారు బానిసలు. "మా రాష్ట్రపు హక్కు" అని ఎలుగెత్తిన గొంతులో వారి గొంతు లేదు. అంకెల తగవు అంకెలతో తీరినది. మనిషి తగవు మిగిలిపోయినది. 1860 డిసెంబరులో సంయుక్త రాష్ట్రములనుండి మొట్టమొదట విడిపోయినది దక్షిణ కరొలైనాయే. తరువాతి నాలుగేండ్ల యుద్ధములో ఆరు లక్షలకు పైగా ప్రాణములు పోయినవి.

రెండు కథలను ఒకే త్రాసులో తూచరాదు. బానిసలను కాపాడుకొను యజమానుల హక్కునకును, కొలువు కోరిన ఓరుగల్లు విద్యార్థి హక్కునకును పోలిక లేదు. పోలిక ఉన్నది ఒప్పందములలో. ఒప్పందములో చేరని మాట మరలివచ్చును, అది అమెరికా నేర్పినది. చేరియు అమలు కాని మాట కూడ మరలివచ్చును, అది తెలంగాణము నేర్పినది. 1969లో వచ్చిన మాట మరల మరల వచ్చి, 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రమైన గాని శాంతింపలేదు.

మరి మిల్లు? జాతీయ జౌళి సంస్థ చేతికి పోయిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినది. రాష్ట్రము వచ్చుసరికి మగ్గములు ఆగి పండ్రెండేండ్లు. 2017లో గీసుకొండ ప్రాంతమున కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది, సంతోషమే. కాని ప్రాంతము గెలిచినంత మాత్రమున అందలి ప్రతి మనిషియు గెలిచినట్లు కాదు. పాత మిల్లులో బ్రతుకు అరిగిన కార్మికుని ప్రశ్న, ఏ ఒప్పందమునకును ఎక్కని ప్రశ్న, నేటికిని మన ఎదుటనే నిలిచియున్నది.

కావున ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఒప్పందము ఏదైనను, 1833 నాటిదైనను 1956 నాటిదైనను, పాఠము చెప్పునప్పుడు తేదీతో ఆపవద్దు. ఇందు సంతకము చేసినవారెవరు, మాటను కాపాడు పూచీ ఎవరిది, పిలుపు రానివారెవరు అను మూడు ప్రశ్నలు బల్లపై వ్రాసి పిల్లల చేత జవాబులు వెదకింపుడు. ఆ మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థి పరీక్షయే కాదు, పౌరుడుగా మరికొంత దూరము గట్టెక్కును.