రూ.30 వేల హెడ్‌ఫోన్స్ కొంటున్నారా? సౌండ్ ఒక్కటే కాదు.. బరువు, చెమట, మీ ఫోన్ కూడా చూసుకోండి!

బస్సు ఎక్కగానే ఫోన్ తీసి వీడియో పెడతాం. ఇంజిన్ మోతకి మాటలు వినపడవు. వాల్యూమ్ పెంచుతాం, ఇంకా పెంచుతాం. ఇంటికొచ్చేసరికి చెవుల్లో గుయ్‌మని ఒకటే హోరు! ఇది చాలామందికి రోజూ ఉన్న అనుభవమే. అందుకే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ వైపు చూస్తున్నారు. కానీ ప్రీమియం మోడల్స్ అంటే ఒక నెల జీతం పోయినంత పని. మరి ఏది ఎవరికి సరిపోతుంది? వివరంగా చూద్దాం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

హెడ్‌ఫోన్స్‌పై ఉండే మైకులు బయటి శబ్దాన్ని వింటాయి. లోపలి చిప్ దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే శబ్ద తరంగాన్ని తయారు చేస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంతే, మోత తగ్గిపోతుంది.

అమెరికా శాస్త్రవేత్త అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో విమాన ప్రయాణంలోనే వచ్చింది. ఆయన తండ్రి కోల్‌కతా నుంచి అమెరికా వెళ్లిన బెంగాలీ. 1989లో బోస్ కంపెనీ విమాన పైలట్ల కోసం ఇలాంటి హెడ్‌సెట్ తెచ్చింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఇది బస్సు ఇంజిన్, ఏసీ, విమానం లాంటి ఒకే స్థాయిలో సాగే బొంగురు శబ్దాలను బాగా తగ్గిస్తుంది. కుక్కర్ విజిల్, హారన్, పక్కవాళ్ల మాటలు పూర్తిగా పోవు. వాటిని ఆపేది ఎక్కువగా చెవి చుట్టూ ఉండే కుషనే. అంటే కుషన్ సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన చిప్ ఉన్నా లాభం లేదు.

నాలుగు మోడల్స్.. తేడాలు ఇవే

సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 (2022): బరువు 250 గ్రాములు. నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్‌లో 30 గంటల బ్యాటరీ. బాక్స్ నుంచి తీయగానే బాస్ కాస్త ఎక్కువగా ఉంటుంది, యాప్‌లో తగ్గించుకోవచ్చు. మడత పడకపోవడమే మైనస్, బ్యాగులో చోటు ఎక్కువ కావాలి. 2025లో వచ్చిన ఎక్స్‌ఎం6లో మడతపెట్టే డిజైన్ మళ్లీ తెచ్చారు.

బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా (2023లో వచ్చిన మొదటి తరం): బరువు దాదాపు 250 గ్రాములే. కుషన్లు మెత్తగా ఉంటాయి, తలను గట్టిగా నొక్కవు. నాయిస్ తగ్గించడంలో ముందు వరుసలో ఉంటుంది. సౌండ్ హుషారుగా ఉంటుంది. బ్యాటరీ 24 గంటలు, ఇమ్మర్సివ్ ఆడియో ఆన్ చేస్తే 18 గంటలు.

యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ (2020): మన దేశంలో లాంచ్ ధర రూ.59,900. సౌండ్ చాలా క్లియర్, బాస్ అదుపులో ఉంటుంది. కానీ కప్పులు అల్యూమినియంతో చేసినవి, బరువు దాదాపు 385 గ్రాములు! సోనీ కంటే సగానికి పైగా ఎక్కువ. బ్యాటరీ 20 గంటలు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు పెట్టుకుంటే సగం ఫీచర్లు దండగే.

సెన్‌హైజర్ మొమెంటమ్ 4 (2022): బరువు 293 గ్రాములు. బ్యాటరీ ఏకంగా 60 గంటలు. పాటలో గొంతు, వాయిద్యాలు విడివిడిగా వినాలనుకునేవాళ్లకు ఇది నచ్చుతుంది. నాయిస్ తగ్గించడంలో మాత్రం బోస్, సోనీ దీనికంటే ముందుంటాయి.

మీ ఫోన్ ఏదో చూసుకున్నారా?

సోనీలో ఎల్‌డీఏసీ అనే కోడెక్ ఉంది. బ్లూటూత్‌లోనే సెకనుకు 990 కిలోబిట్ల వరకు డేటా పంపుతుంది. అయితే ఐఫోన్‌లో ఇది పనిచేయదు, ఏఏసీ మాత్రమే వస్తుంది. ఐఫోన్ వాడుతూ ఎల్‌డీఏసీ కోసం డబ్బు పెట్టడం వేస్ట్.

ఇంకో నిజం. మీరు ఎక్కువగా యూట్యూబ్, రీల్స్ చూసేవారైతే కోడెక్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆ వీడియోల ఆడియో అప్పటికే బాగా కంప్రెస్ అయి ఉంటుంది. అలాంటివారికి సౌండ్‌లో చిన్న తేడాల కన్నా కంఫర్టే ముఖ్యం.

షోరూంలో 2 నిమిషాలు పెట్టుకుంటే తెలియదు

ఇది మా అనుభవం. న్యూస్‌రూంలో నైట్ షిఫ్ట్‌లో వీడియోలు ఎడిట్ చేస్తూ బరువైన హెడ్‌ఫోన్స్ వాడాం. మొదటి అరగంట సూపర్! రెండు గంటలు దాటాక నడినెత్తి లాగేసింది. కళ్లజోడు కాడలు కణతలకు నొక్కుకుని నొప్పి. పైగా కాడ వల్ల కుషన్ కింద సందు ఏర్పడి బయటి శబ్దం లోపలికి వచ్చేది.

మన వాతావరణం సంగతీ ఉంది. విజయవాడ ఎండల్లో, వైజాగ్ ఉక్కపోతలో లెదర్ లాంటి కుషన్లు పెట్టుకుంటే చెవుల చుట్టూ చెమట ఖాయం. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌లో గుడ్డ అల్లిక కుషన్లు ఉంటాయి, గాలి కాస్త ఆడుతుంది. దేనికైనా మధ్యలో తీసి తుడుచుకోవడం మంచిది.

కొనేముందు ఈ 4 పనులు చేయండి

* కళ్లజోడు ఉంటే పెట్టుకునే ట్రై చేయండి.
* కనీసం 15 నిమిషాలు తలపై ఉంచి, తల అటూఇటూ తిప్పి చూడండి.
* షాపువాళ్ల డెమో పాట కాదు, మీకు బాగా తెలిసిన పాట మీ ఫోన్ నుంచే వినండి.
* కుషన్లు విడిగా దొరుకుతాయా, ధరెంతో అడగండి. ముందు అరిగేది అవే.

అసలు లాభం చెవులకే

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే! బయటి మోత తగ్గితే తక్కువ వాల్యూమ్‌లోనే మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్స్ కొన్నాక కూడా వాల్యూమ్ పాత లెవెల్‌లోనే పెడితే ఆ లాభం పోయినట్టే.

చివరగా ఒక్క మాట. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర నాయిస్ క్యాన్సిలింగ్ ఆపేసినా సరిపోదు, హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకోండి. వీడియో మళ్లీ చూసుకోవచ్చు. వెనక నుంచి వచ్చే లారీ హారన్ మాత్రం రెండోసారి వినిపించకపోవచ్చు.