దుంపలో దాగిన పూవు

తెలుగువారి తిట్లలో "నీ దుంప తెగ" అనునది మిక్కిలి ప్రాచుర్యము గలది. అది కోపములోను వినవచ్చును, ముద్దులోను వినవచ్చును. కొమ్మ విరిగినను, ఆకు రాలినను మొక్క మరల చిగిర్చును గాని, దుంప తెగినచో ఇక ఆశ లేదు. ఈ సంగతి ఎరిగిన సేద్యగాడే ఆ తిట్టును కల్పించి యుండవలెను. అయినను పూలతోట పెంచువారిలో పెక్కుమంది పూవును చూచినంతగా దుంపను చూడరు. పూచినన్నాళ్లు నీరు పోయుదురు. పూత ఆగగానే పచ్చని ఆకులను మొదలంట కోసి పారవేయుదురు. మరుసటి యేడు పూయలేదని మొక్కను నిందింతురు.

దుంప, గడ్డ అను రెండు మాటలతోనే భూమిలోని సర్వమును సరిపుచ్చుకొనుట మన వాడుక. వృక్షశాస్త్ర పాఠములు ఇంకను సూక్ష్మముగా పోవును. అల్లము, పసుపు కొమ్ములు, చేమ, కంద అనునవి కందములు, బంగాళాదుంప దుంపకాండము, ఉల్లి లశునము. పిల్లలచేత ఈ పేరులు వల్లెవేయించుటకంటె ఒక ఉల్లిగడ్డను నిలువుగా కోసి చూపుట మేలు. అడుగున బిళ్లవలె నున్న గట్టి భాగమే కాండము. దానిని చుట్టుకొనియున్న కండగల పొరలన్నియు ఆకులే, లేదా ఆకుల మొదళ్లే. నట్టనడుమ రాబోవు మొలక ఒదిగియుండును. పచ్చని ఆకు ఎండలో వండిన ఆహారములో మిగిలినదంతయు ఆ పొరలలో చేరును. పూత ముగిసిన పిదప ఆకు చేయు పని అదియే. ఆ ఆకును కోయుట యనగా వచ్చే యేటి పూవును నేడే కోసివేయుట.

మన తోటలలోని దుంపపూలలో మొదట చెప్పదగినది నేలసంపెంగ. కన్నడిగులు దీనిని సుగంధరాజ మనియు, బెంగాలీలు రజనీగంధ యనియు అందురు. పూలబజారులలో మాత్రము "లిల్లీ పూలు" అనిననే తెలియును. నిజమునకు ఇది లిల్లీ కాదు. ఇంగ్లీషువారి "ట్యూబ్‌రోజ్" అను పేరు అంతకంటెను మోసకారి. అందులో గొట్టమును లేదు, రోజాయును లేదు. "దుంపలు గల" అను అర్థమిచ్చు "ట్యూబరోసా" యను లాటిను మాటయే నోట నలిగి అట్లయినది. సంపెంగవంటి పరిమళము నేలనుండి పుట్టినట్లు తోచుటచే తెలుగువారు పెట్టుకొన్న పేరే ఇన్నింటిలో ఇంపైనది. అది బడిపిల్లల నోట వినరాకుండ పోవుట విచారకరము. సంస్కృతమున భూచంపక మనబడునది వేరు. అది పసుపు కుటుంబపు మొక్క.

నేలసంపెంగ పుట్టినిల్లు మెక్సికో. అచ్చటి ఆజ్‌టెక్కులు దీనిని తమ భాషలో "ఎముక పూవు" అనిరి. ఆ తెల్లదనమును చూచినవారికి ఆ పేరు వింతగా తోచదు. స్పెయినువారు 16వ శతాబ్దమున దీనిని ఐరోపాకు కొనిపోయిరి. మన దేశమునకు ఇది ఆ పిదపనే వచ్చినది. కోర్టెస్ మెక్సికో తీరమున దిగినది 1519లో. కృష్ణదేవరాయలు అస్తమించినది 1529లో. కావున రాయల కొలువులోని కవులు వర్ణించిన సంపెంగ వృక్షముపై పూచు సంపెంగయే గాని ఇది కానేరదు. భువనవిజయమును ప్రదర్శించు విద్యార్థులు కవుల మెడలలో నేలసంపెంగ దండలు వేయుట చూడ ముచ్చటయే. చరిత్ర మాత్రము ఒప్పుకొనదు.

లిన్నేయసు 1753లో దీనికి "పోలియాంథిస్ ట్యూబరోసా" అని శాస్త్రనామ మొసగెను. ఇటీవలి శాస్త్రజ్ఞులు దీనిని అగేవ్ ప్రజాతిలో చేర్చిరి. అనగా రైలుకట్టల వెంట ముండ్ల ఆకులతో నిలుచు కిత్తనారకు ఈ సుకుమారి చుట్టమన్నమాట! చుట్టరికము రూపములో కనబడదు గాని నడతలో కనబడును. కిత్తనార ఒక్కమారు పూచి చచ్చును. దాని పిలకలు బ్రతుకును. నేలసంపెంగ దుంపయు ఒక్కమారే పూచును. తల్లిదుంప తన సొమ్మంతయు ఆ ఒక్క కాడకు ధారపోసి, చుట్టును పిల్లదుంపలను విడిచి క్షీణించును. మరుసటి యేడు పూయవలసినవి ఆ పిల్లలే. రెండు మూడేండ్లు కదపక వదలినచో అవి ఒకదాని నొకటి త్రోసికొనుచు తిండి చాలక చిన్నవై, ఆకులే గాని పూవు లేని గుబురుగా మారును. "మా దుంపలు గొడ్డువోయినవి" అనువారి తోటలలో జరిగినది సాధారణముగా ఇదియే.

కావున రెండు మూడేండ్ల కొకమారు, ఆకులు పసుపు వారినప్పుడు నీరు మాన్పి, దుంపలను త్రవ్వి తీయవలెను. మన్ను దులిపి, నీడను ఆరబెట్టి, నాలుగారు వారములు విశ్రాంతి నీయవలెను. పిదప పిల్లలను విడదీసి, రెండు మూడు సెంటీమీటర్ల అడ్డుకొలత గలవానిని పూలకొరకును, అంతకంటె చిన్నవానిని వేరొక మడిలో పెంపకమునకును నాటుదురు. దుంపకు దుంపకు జానెడు ఎడము, పైన రెండంగుళముల మన్ను చాలును. బాగుగా చివికిన పశువుల ఎరువే వాడదగును. పచ్చిపేడ దుంపను కుళ్లించును. నాటిన నాడు ఒకమారు తడిపి, మొలక కనబడువరకు చేతిని బిగపట్టుట అవసరము. ఎండకంటె నీరే ఎక్కువ దుంపలను చంపినది. నల్లరేగడిలో నాటదలచువారు మడిని జానెడు ఎత్తుచేసి నీరు జారిపోవు దారి చూడవలెను. తొలకరికి నాటిన దుంప ఇంచుమించు మూడు నెలలకు కాడ వేయును. కాడపై పూలు జంటలుగా క్రిందినుండి పైకి విచ్చును. పిల్లలు దినమునకు ఎన్ని విచ్చినవో లెక్కవ్రాసికొన్నచో అదియే ఒక పాఠము.

ఒంటిరేకు పూవునకు వాసన హెచ్చు. దండలకును అత్తరులకును అదియే తగినది. ముద్దపూవు కాడతో కోసి కూజాలో నుంచుటకు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనసంస్థ శృంగార్, ప్రజ్వల్, సువాసిని మొదలగు రకములను రూపొందించినది. ఈ పూవు కోసిన పిదప కూడ పరిమళమును పుట్టించుచునే యుండును. అందుచేత ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణమున పూర్వము పూలను క్రొవ్వు పూసిన గాజుపలకలపై పరచి, ఆ వాసనను క్రొవ్వుచేత పట్టించెడివారు. చీకటి పడినకొలది వాసన హెచ్చుట రాత్రి తిరుగు చిమ్మటలను పిలుచుటకు.

పటములలో ట్యూలిప్పులను చూచి మనసుపడి దుంపలు తెప్పించువారును గలరు. ఆ దుంప పూయుటకు పన్నెండు వారములకు తక్కువగాని చలి కావలెను. శ్రీనగరములో దొరకు ఆ చలి గోదావరి తీరమున దొరకదు. శీతలపేటికలో నిద్రపుచ్చి తెచ్చిన దుంప మన యింట ఒకమారు పూయవచ్చును గాని, మరుసటి యేటికి బలము కూడగట్టుకొనలేదు. అంత వ్యయము బడితోటలకు తగదు.

దానికి మారుగా వానలిల్లీలు నాటవచ్చును. గడ్డిపరకలవంటి ఆకుల నడుమ తెలుపు, గులాబి, పసుపు వన్నెలతో, మంచివాన కురిసిన కొన్ని దినములకే గుంపుగా లేచును. ఇవియు అమెరికానుండి వచ్చినవే. కుండీయైనను, నడవ అంచైనను వానికి చాలును.

పూర్తిగా మన అడవులదే కావలె ననువారికి నాభి యున్నది. సంస్కృతమున దీనికి అగ్నిశిఖ యనియు, దుంప నాగలివలె వంగియుండుటచే లాంగలి యనియు పేర్లు. ఆకు కొనయే తీగయై ఆధారమును చుట్టుకొనుట విద్యార్థులకు చూపదగిన వింత. వానకారున విచ్చిన పూవు పసుపునుండి ఎరుపునకు మారుచు నిప్పువలె నుండును. ఇది తమిళనాడునకు రాష్ట్రపుష్పము, జింబాబ్వేకు జాతీయపుష్పము. అయితే దీనియందు కాల్చిసీన్ అను తీవ్రమైన విషము గలదు; మొక్క యంతటను ఉన్నను దుంపలో మెండు. ఆ దుంపను చిలగడదుంప యని భ్రమించి తిని ప్రాణములు పోగొట్టుకొన్నవారు గలరు. బడిలో నాటదలచినచో చిన్నపిల్లలు చేరని చోట, పేరుపలక పెట్టి నాటవలెను; దుంపను త్రవ్వు పని పెద్దలే చేసి, వెంటనే చేతులు కడుగుకొనవలెను.