గోడకు గోడ: పాతపట్నం ప్రాంతంలో ఇళ్ల స్థలాలు, వరి మళ్లు

మహేంద్రతనయ నదీ తీరాన, ఒడిశాలోని పర్లాకిమిడిని ఆనుకొని ఉన్న పాతపట్నం పరిసరాలలో ఇళ్ల స్థలాల చర్చ వచ్చినప్పుడల్లా వినిపించేది ఒకే మాట: సెంటున్నరలో సంసారమెలా? ఆ ప్రశ్న న్యాయమైనదే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన పంపిణీలో గ్రామాల లబ్ధిదారులకు 1.5 సెంట్లు, అంటే 72.6 చదరపు గజాలు, నిర్ణయించారు. తరువాతి ప్రభుత్వం దానిని 3 సెంట్లుగా మార్చింది. జత పశువులు, గడ్డివామి ఉన్న రైతుకు మొదటి కొలత చాలదు. రెండవ కొలతకు మాత్రం పొలం మూల్యం చెల్లిస్తుంది.

లెక్క చూద్దాం. రోడ్లకు, కాలువలకు, ఉమ్మడి అవసరాలకు ఎకరాకు 40 సెంట్లు పోతాయనుకొంటే, 100 ఇళ్లకు మొదటి పద్ధతిలో రెండున్నర ఎకరాలు, రెండవ పద్ధతిలో ఐదెకరాలు కావాలి. భూమి కొనుగోలుకు కేటాయించిన సొమ్ము పెరగకపోతే, లేఅవుటు ఊరికి దూరంగా, చవకగా దొరికే పల్లపు భూమికి జరుగుతుంది. దానిని మట్టితో మెరక చేసినప్పుడు పక్క మళ్ల మురుగు దారి మూసుకుపోతుంది. ఈ నష్టం ఏ ఇంటి అంచనాలోనూ కనిపించదు.

ఉత్తరాంధ్ర పాత ఊళ్లు ఈ చిక్కును మరో విధంగా పరిష్కరించుకొన్నాయి. ఇళ్లు గోడకు గోడ ఆనుకొని వరుసగా ఉంటాయి. ముందు అరుగు, వెనుక పెరడు, ఊరి వెలుపల కళ్లం. విడివిడిగా కట్టిన పది ఇళ్లకు ఇరవై పక్కగోడలు అవసరం. వరుసలో పదకొండు చాలు. ఇటుక, సిమెంటు, పునాది ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. తాటికమ్మల కాలంలో ఒక ఇల్లు అంటుకొంటే వీధి మొత్తం కాలిపోయే భయం ఉండేది. శ్లాబు ఇళ్లతో ఆ భయం చాలావరకు తగ్గింది. అయినా గడ్డివామి వీధికి దూరంగా ఉండవలసిందే.

కనుక 1.5 సెంట్ల వరుస ఇళ్లకు తోడు పశువుల శాలలకు, వాములకు, కళ్లానికి మరో ఎకరం ఉమ్మడిగా ఉంచినా మొత్తం మూడున్నర ఎకరాలే అవుతుంది. ఎకరంన్నర మడి మిగులుతుంది. నా దృష్టిలో ఇది వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తల పని కూడా. ఏ సర్వే నెంబరులో నేల ఎటువంటిదో, పొలం కాలువ ఎటు పారుతుందో లేఅవుటు గీయకముందే చెప్పగలిగేది వారే.

ఒక జాగ్రత్త తప్పదు. ఉమ్మడి గోడపై రేపు పై అంతస్తు లేపాలంటే పునాదిని తొలినాడే ఆ బరువుకు తగినట్లు వేయాలి. ఇరుగుపొరుగుల ఒప్పందం కాగితంపై ఉండాలి.